బోదకాలు ఉన్నవాళ్లు ఇంట్లో కాలిని చూసుకునే పద్ధతి

బోదకాలు వచ్చినవాళ్లు డాక్టరును మొదట అడిగేది వాపు తగ్గే మాత్ర గురించే. అలాంటి మాత్ర లేదు. ఈ జబ్బుకు ఇచ్చే డీఈసీ అనే మాత్ర దాన్ని తెచ్చే ఫైలేరియా పురుగు మీద పనిచేస్తుంది గానీ, ఆ పురుగు కాలిలో పాడుచేసిన లింఫ్ నాళాన్ని బాగుచెయ్యదు. అలాగని కాలు ఏటికేడు లావెక్కుతుంటే చూస్తూ ఊరుకోనక్కర్లేదు. ఆ పెరుగుదలకు ముఖ్య కారణం వేళ్ల సందుల్లోంచి దూరే బ్యాక్టీరియా. దాన్ని ఆపడానికి ఒక బకెట్ నీళ్లు, సబ్బు, మెత్తటి నూలుగుడ్డ, రోజూ ఓ పావుగంట చాలు.

ఎందుకు చాలో తెలియాలంటే కాలి లోపల ఏం జరుగుతోందో చూడాలి. రక్తనాళాల్లోంచి బయటికి ఊరే ద్రవంలో కొంత భాగం, ప్రొటీన్లతో సహా, లింఫ్ నాళాలనే సన్నటి గొట్టాల్లోకి చేరి తిరిగి రక్తంలో కలుస్తుంది. ఒళ్లంతా కలిపి ఇది రోజుకు 2 నుంచి 4 లీటర్లు. ఈ ద్రవాన్ని నెట్టడానికి గుండె లేదు. నాళం గోడ తనే ముడుచుకుంటుంది, నడిచినప్పుడు పిక్క కండరం నొక్కుతుంది, లోపలి కవాటాలు ద్రవాన్ని కిందికి జారనివ్వవు. అలా పైకెక్కి, గజ్జల్లోని లింఫ్ గ్రంథుల గుండా వెళ్లి, చివరికి మెడ మొదట్లో ఎడమవైపు పెద్ద సిరలో కలుస్తుంది.

రోగనిరోధక కణాలకూ అదే దారి. కాలికి ముల్లు గుచ్చుకుని క్రిమి లోపలికి వెళ్తే, చర్మంలో కాపలా ఉండే కణాలు ఆ క్రిమి ముక్కల్ని పట్టుకుని లింఫ్ వెంట గజ్జకు వెళ్తాయి. ఆ క్రిమిని గుర్తుపట్టగల లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) అక్కడ గ్రంథిలో విపరీతంగా పెరుగుతాయి. కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ల కట్టేది అందుకే.

క్యూలెక్స్ దోమ ద్వారా వచ్చే ఫైలేరియా పురుగు ఈ నాళాల్లోనే ఏళ్ల తరబడి కాపురం పెడుతుంది. నాళం సాగిపోతుంది, కవాటాలు మూసుకోవు, ప్రొటీన్ నిండిన ద్రవం నిలిచిపోయి చర్మం దళసరెక్కుతుంది. కాపలా కణాలు గజ్జకు వెళ్లే దారీ దెబ్బతింటుంది. మామూలు కాలిలో తెలియకుండా మానిపోయే చిన్న చీలిక ఈ కాలిలో చలిజ్వరం తెప్పిస్తుంది. జ్వరం వచ్చిన ప్రతిసారీ మరికొన్ని నాళాలు పోతాయి, వాపు ఇంకాస్త పెరుగుతుంది.

కాలు వాచినంత మాత్రాన బోదకాలు అనుకోకండి. గుండె, కిడ్నీ, సిరల జబ్బుల్లోనూ వాపు వస్తుంది. ఒక కాలు ఉన్నట్టుండి వాచి పిక్క నొప్పి పెడితే సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. రాత్రిపూట తీసిన రక్తంలో ఫైలేరియా లేదన్నారని ధీమాగా ఉండొద్దు. ముదిరిన బోదకాలు ఉన్న చాలామంది రక్తంలో పురుగు పిల్లలు కనిపించవు.

కడగడం, ఆరబెట్టడం

రోజుకు రెండుసార్లు మంచిది, వీలుకాకపోతే పడుకునే ముందు ఒకసారైనా కడగాలి. చల్లనివో, గది వేడి ఉన్నవో మామూలు నీళ్లే వాడండి. వేడినీళ్లు వాపు పెంచుతాయి. మోకాలి దగ్గర మొదలుపెట్టి కిందికి రండి. వాసన తక్కువున్న సబ్బును చేత్తో నురగ చేసి మెల్లగా రాయండి. పీచు, బ్రష్, రాయి వద్దు. చర్మం ముడతలు పడి ఉంటే ప్రతి ముడత తెరిచి కడగాలి. సబ్బు జిడ్డు పోయి నీళ్లు తేటగా జారేదాకా పోయాలి.

అసలు పని ఆ తర్వాత ఉంది. చాలామంది కాలంతా తుడిచి వేళ్ల సందులు వదిలేస్తారు. నాలుగో వేలికీ చిటికెన వేలికీ మధ్య వెలుతురులో విడదీసి చూడండి. తడి నిలిచినచోట చర్మం తెల్లగా నాని, మధ్యలో సన్నటి ఎర్రగీత కనిపిస్తుంది. నొప్పి ఉండకపోవచ్చు, కాస్త దురద ఉంటుందంతే. బ్యాక్టీరియా వెళ్లే గుమ్మం ఆ గీతే. పలచటి నూలుగుడ్డను సందులోకి దూర్చి, రుద్దకుండా అద్దుతూ తడి పీల్చండి. తెల్లగా నానినచోట ఫంగస్ క్రీమ్ (క్లోట్రిమజోల్ లాంటిది), పుండు ఉంటే డాక్టరు ఇచ్చిన యాంటీబయాటిక్ క్రీమ్ రాయాలి. మెట్టెలు పెట్టుకునేవాళ్లు వాటి కింద కూడా చూసుకోవాలి. వేలు వాచి మెట్టె బిగిస్తుంటే తీసేయడమే మంచిది. గోళ్లు అడ్డంగా, మరీ లోతుకు పోకుండా కత్తిరించండి.

పసుపు, వేపాకు ముద్ద, బూడిద పట్టించడం పల్లెల్లో మామూలే. ముడతల్లో పేరుకున్న ముద్ద తడిని పట్టి ఉంచుతుంది, కింద చీలిక ఉన్నా కనబడనివ్వదు. కాలికి గాట్లు పెట్టించి నీరు తీయించడం మరీ ప్రమాదం, అది కొత్త గుమ్మాలు తెరవడమే. వరినాట్లకు దిగేవాళ్లు గట్టెక్కగానే కాళ్లు కడిగి ఆరబెట్టుకోవాలి, సాయంత్రం దాకా ఆగకూడదు.

కూర్చున్నప్పుడు కాలును పీట మీదో కుర్చీ మీదో చాపి పెట్టండి. పడుకునేటప్పుడు మంచం కాళ్లవైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేయండి. గుండె జబ్బు ఉంటే ముందు డాక్టరును అడగాలి. గోడ పట్టుకుని మడమలు ఎత్తి దించడం, కూర్చుని చీలమండ గుండ్రంగా తిప్పడం ఓ పదిసార్లు, రోజులో మూడు నాలుగు విడతలు చేస్తే పిక్క కండరం లింఫ్‌ను పైకి నెడుతుంది. క్రేప్ బ్యాండేజీ (సాగే కట్టు) సొంతంగా బిగించొద్దు, ముందు తెలిసినవాళ్ల దగ్గర నేర్చుకోండి.

చలిజ్వరం వచ్చినప్పుడు

కాలు ఎర్రబడి, వేడెక్కి, గజ్జల్లో బిళ్ల కట్టి వణుకు వస్తే వ్యాయామం, కట్టు రెండూ ఆపేయండి. కాలు ఎత్తులో పెట్టి పడుకోండి, తడిగుడ్డ వేయండి, నీళ్లు బాగా తాగండి, పారాసెటమాల్ వేసుకోండి. యాంటీబయాటిక్ కావాలా అన్నది డాక్టరు చెప్పాలి. తెలివి తప్పుతున్నా, చీము పడుతున్నా, ఒక రోజులో తగ్గకపోయినా ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పి పోయాక కడగడం మళ్లీ మొదలుపెట్టి, ఏ సందులో చీలిక ఉందో వెతకండి. సాధారణంగా దొరుకుతుంది.

వాపు తగ్గుతోందో లేదో కంటికి తెలియదు. వారానికోసారి పొద్దున లేవగానే టేపుతో పాదం మధ్య, చీలమండ, మోకాలికి 10 సెంటీమీటర్ల కింద కొలిచి రాసుకోండి. సాయంత్రం కొలతతో పోల్చొద్దు, అప్పటికి ఎవరి కాలైనా కాస్త ఉబ్బుతుంది. ఇదే పురుగు వల్ల వచ్చే వరిబీజం (వృషణాల చుట్టూ నీరు చేరడం) సంగతి వేరు, దానికి ఆపరేషన్ ఉంది.

ఇంట్లో మిగతావాళ్లు ఊళ్లో ఫైలేరియా నివారణకు డీఈసీ, అల్బెండజోల్ మాత్రలు ఇచ్చినప్పుడు వదలకూడదు. డీఈసీ వయసును బట్టి 2–5 ఏళ్లకు 100, 6–14కు 200, 15 దాటితే 300 మిల్లీగ్రాములు, అన్నం తిన్నాక వేసుకోవాలి. రెండేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్ర జబ్బుతో ఉన్నవాళ్లకు ఇవ్వరు. వేసుకున్నాక కొందరికి జ్వరం, తలనొప్పి వస్తాయి. రక్తంలో పురుగు పిల్లలు చచ్చిపోతుంటే రోగనిరోధక వ్యవస్థ స్పందించడం వల్ల అలా అవుతుంది, మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది.