కాలనీలో షుగర్, మతిమరుపు శిబిరం పెట్టాలంటే

సెప్టెంబరు 21 అల్జీమర్స్ దినం, నవంబరు 14 మధుమేహ దినం. రెంటికీ విడివిడిగా బ్యానర్లు కట్టేకంటే ఒక ఆదివారం పొద్దున కాలనీ కమ్యూనిటీ హాల్లో రెండూ కలిపి చూడటం మంచిది. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లకు మతిమరుపు జబ్బు వచ్చే ముప్పు ఎక్కువ. మతి తగ్గినవాళ్లేమో వేసుకున్న మాత్రే మళ్లీ వేసుకుంటారు, ఇన్సులిన్ పొడుచుకుని అన్నం తినడం మరిచిపోతారు.

"అల్జీమర్స్ పరీక్ష" అని బోర్డు పెడితే ఎవరూ కూర్చోరు. "షుగర్ పరీక్ష, జ్ఞాపకశక్తిపై సలహా" అని రాయండి. కరపత్రం తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలి. ఇంట్లోవాళ్లను ఒకరిని వెంట తెచ్చుకోమని అందులో తప్పక చెప్పండి. మతి తగ్గుతున్న సంగతి చాలాసార్లు ముందు పసిగట్టేది వాళ్లే.

మనిషికి మూడు నిమిషాలు పడుతుంది. రెండు గ్లూకోమీటర్లు ఉంటే ఆరున్నర నుంచి తొమ్మిది దాకా వందమందిని చూడొచ్చు. ఎర్రర్ వచ్చి కొన్ని పోతాయి కాబట్టి స్ట్రిప్పులు 120 తెచ్చుకోండి. అవి ఆ మీటరు కంపెనీవే అయ్యుండాలి, గడువు చూడాలి. డబ్బా మూత తీసి వదిలేస్తే తేమ తగిలి అంకె తప్పుతుంది. సూది మనిషికొకటి. సూది బిగించే పెన్ను మార్చకుండా సూది ఒక్కటే మార్చినా హెపటైటిస్ బి పాకే ప్రమాదం ఉంది, అందుకే వాడి పారేసే రకమే తీసుకోండి. వాడినవి గుచ్చుకోని గట్టి డబ్బాలో వేసి, పరీక్ష చేసే ల్యాబువాళ్లకే అప్పగించండి. చెత్తబండిలో వేస్తే పారిశుద్ధ్య కార్మికుల చేతికి గుచ్చుకుంటాయి.

చేతులు సబ్బుతో కడిగించి, బాగా తుడిపించాకే గుచ్చాలి. అరటిపండో ప్రసాదమో తిన్న వేలికి గుచ్చితే షుగర్ లేనివాళ్లకూ ఉన్నట్టు చూపిస్తుంది. వేలి కొసన కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. పరగడుపు అంటే ఎనిమిది గంటలు నీళ్లు తప్ప ఏమీ ముట్టకపోవడం. వాకింగ్‌కు ముందు చాయ్ తాగామన్నా చీటీలో రాయాల్సిందే.

పరగడుపున 100 లోపు మామూలు. 100 నుంచి 125 హద్దు మీద ఉన్నట్టు. 126 గానీ అంతకు మించి గానీ ఉంటే ల్యాబులో సిర రక్తంతో మళ్లీ చేయించాలి, మీటరు అంకె చూసి షుగర్ ఉందని తేల్చకూడదు. 70 కంటే తగ్గితే నీళ్లలో మూడు చెంచాల చక్కెర కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూడండి. మనిషి మగతగా ఉంటే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. ఎవరి అంకే మైకులో చదవకండి.

తర్వాతిది జ్ఞాపకశక్తి సలహా బల్ల, అక్కడ తొందరపడొద్దు. అంకెలు, బొమ్మల పరీక్షలు చదువుకోనివాళ్లను అన్యాయంగా ఫెయిల్ చేస్తాయి. ఇంట్లోవాళ్లనే అడగండి: అడిగిందే అడుగుతున్నారా? తెలిసిన సందులో దారి తప్పారా? కిరాణా కొట్టులో చిల్లర లెక్క తికమకవుతోందా? మందులు రెండుసార్లు వేసుకున్నారా? తాళం ఎక్కడ పెట్టామో మరవడం అందరికీ ఉంటుంది. ఏడాదిలో ఇలాంటి మార్పు ఒకటికి రెండు కనిపిస్తే చాదస్తం అని వదిలేయొద్దు.

ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడేవాళ్లకు విటమిన్ బి12 తగ్గి మతి మందగించొచ్చు, థైరాయిడ్ తగ్గినా మతి మందగిస్తుంది. ఇవి సరిదిద్దగలిగినవి, అందుకే అల్జీమర్స్ అనుకునే ముందు ఈ రెండు రక్తపరీక్షలు చేయించాలి. చీటీ రాసి దగ్గర్లోని బస్తీ దవాఖానాకు పంపండి. అక్కడి డాక్టరు అవసరమనుకుంటే హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజీకి (మెదడు, నరాల విభాగానికి) రాస్తారు.

చీటీ వెనక ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు, వాళ్ల అనుమతితో, రాసుకోండి. పది రోజులకు ఫోన్ చేసి పరీక్ష చేయించారా అని అడగండి. చేయించనివాళ్లకు మరో వారానికి ఇంకోసారి చేయండి.