పూలగుత్తిని చదవడం – 4వ పాఠం: కొమ్మలు వేసిన గుత్తి

ముందు గత పాఠంలోని ప్రశ్న సంగతి తేల్చేద్దాం. రేల చెట్టు గుత్తిలో ఏ పువ్వు ముందు విచ్చుకుంటుందని అడిగాను. గుత్తి వేలాడుతుంది కాబట్టి పై పూలు ముందు విచ్చి, కింది కొసన మొగ్గలు మిగులుతాయి. దాన్ని చూసి 'పైనుంచి కిందికి' అని రాసుకుంటే తప్పు. మనం లెక్క చూసుకోవలసింది నేలను బట్టి కాదు, కొమ్మను బట్టి. కొమ్మకు దగ్గరగా ఉన్నది మొదలు, దూరంగా ఉన్నది కొన. మొదటి నుంచి కొనవైపు విచ్చుకుంటూ పోతుంది కాబట్టి అది అగ్రాభిసార క్రమమే. ఆ పొడవాటి కాడ మీద ప్రతి పువ్వూ తన సొంత తొడిమతో నేరుగా పుడుతుంది కాబట్టి రేల గుత్తి రసీమ్.

'నేరుగా' అన్న ఆ మాటను పట్టుకునే ఇవాళ ముందుకు వెళ్దాం.

ఈ పాఠానికి ఒక గోరింట రెమ్మ కావాలి, పూసినది. మీ పెరట్లో గోరింట ఉండి కూడా దాని పూలు ఎన్నడూ చూడలేదంటే ఆశ్చర్యం లేదు. గోరింట పూలగుత్తి కొమ్మ కొసనే వస్తుంది. ఆషాఢంలోనూ, పెళ్లిళ్లకూ, పేరంటాలకూ ఆకు కోసం కొసలన్నీ తుంచేస్తూ ఉంటే ఇక గుత్తి పెట్టడానికి దానికి చోటేది? కంచెగా పెంచి కత్తెర వేసే చెట్టుదీ అదే గతి. ఎవరూ ముట్టుకోని గోరింటను వెతకండి. వాసనే దారి చూపుతుంది.

రెమ్మను తెల్ల కాగితం మీద పరచి ఒక్క పువ్వును ఎంచుకోండి. నాలుగు రేకులు, రేకుల సందుల్లో జంటలుగా ఎనిమిది కేసరాలు కనిపిస్తే సరైన రెమ్మే తెచ్చారు. ఇప్పుడు సూది మొనను ఆ పువ్వు తొడిమ మీద ఆనించి వెనక్కి నడపండి. తొడిమ ఒక సన్నటి పుల్లకు చేరుతుంది. పుల్ల ఇంకొంచెం లావుపాటి పుల్లకు చేరుతుంది. అది గుత్తి నడిమి కాడకు చేరుతుంది. రేలలో పువ్వు నుంచి ఒక్క అడుగులో నడిమి కాడకు వచ్చేశాం. ఇక్కడ దారిలో మజిలీలు ఉన్నాయి. నడిమి కాడ కొమ్మలు వేసి, పూలు ఆ కొమ్మల మీద ఉంటే ఆ గుత్తిని పానికల్ అంటారు. లాటిన్‌లో పానిక్యులా అంటే కుచ్చు. మొక్కల శాస్త్రీయ నామాల్లో 'పానిక్యులేటా' అన్న మాట ఎదురైతే, పేరు పెట్టినవారు ఈ కుచ్చునే చూశారని అర్థం. మన నేలవేము పూర్తి పేరు ఆండ్రోగ్రాఫిస్ పానిక్యులేటా. కేరళలో కృష్ణకిరీటం అని పిలుచుకునే ఎర్రపూల పొద క్లెరోడెండ్రమ్ పానిక్యులేటమ్. దాని గుత్తి గోపురంలా అంతస్తులు అంతస్తులుగా లేస్తుంది.

దూరం నుంచి చూసి తేల్చకండి. నేను మొదట్లో గోరింటను రసీమ్ అని నోటుపుస్తకంలో రాసుకున్నాను. అప్పుడు నా చేతికి దొరికింది గుత్తి మొత్తం కాదు, విరిగిన పై కొస మాత్రమే. కొసకు వెళ్లేకొద్దీ పక్క కొమ్మలు పొట్టివై ఒక్కో పువ్వుగా మిగులుతాయి. అందుకే నడక ఎప్పుడూ కింది భాగంలోని పువ్వు నుంచే మొదలుపెట్టాలి.

ఇప్పుడు ఒక మాటల చిక్కు. మన పాఠ్యపుస్తకాల్లో కంకి అంటే తొడిమ లేని పూలు నడిమి కాడకు అంటుకుని ఉండే విన్యాసం. వినాయక చవితి పత్రిలో వాడే ఉత్తరేణి దానికి చక్కని ఉదాహరణ. రెండో పాఠంలో చూశాం. కానీ రైతు వరి కంకి అన్నప్పుడు చేతిలో పట్టుకున్నది శాస్త్రం లెక్కలో కంకి కాదు, పానికల్. ఒక వరి వెన్నును విప్పి చూడండి: నడిమి ఈనె, దాని మీద పక్క ఈనెలు, వాటి మీద గింజలు. రైతు మాట తప్పని నేను అనను. అది పుస్తకాలకన్నా పాతది. పుస్తకంవారే ఊళ్లో వాడుకలో ఉన్న మాటను తీసుకుని దాని అర్థాన్ని కుదించారు. మీరు చదివేటప్పుడు ఎవరి కంకి అన్నది చూసుకుంటే చాలు.

ఆ వరి వెన్నే ఇంకో సంగతి కూడా చెబుతుంది. వరిలో పూత వెన్ను కొస దగ్గర మొదలై కిందికి దిగుతుంది. గింజ పండడమూ అంతే. పైగింజలు బంగారు రంగుకు తిరిగినా అడుగున ఇంకా పచ్చివి ఉంటాయి. రేల గుత్తికి ఇది సరిగ్గా తలకిందులు. అంటే గుత్తి కొమ్మలు వేసిందా లేదా అన్నది ఒక ప్రశ్న, అందులో ఏ పువ్వు ముందు విచ్చుకుంటుంది అన్నది వేరే ప్రశ్న. రెంటినీ కలిపేస్తేనే మొక్కల పుస్తకాలు గందరగోళంగా కనిపిస్తాయి. గట్టి నియమం పాటించేవారు పక్క కొమ్మలు కూడా రసీముల్లాగే ఉంటేనే పానికల్ అంటారు. పక్క కొమ్మల చివర నడిమి పువ్వు ముందు విచ్చుకుంటే దానికి థిర్స్ అని వేరే పేరు పెడతారు. ఉగాది పచ్చడికి మనం దులిపే వేపపూత అలాంటిదే. తోటపని పుస్తకాలు ఈ తేడాను పట్టించుకోవు, అన్నింటినీ పానికల్ అనే రాస్తాయి. ఈ పాఠాల్లో నేనూ ఆకారాన్ని బట్టి పానికల్ అనే అంటాను.

ఇదంతా తెలిస్తే పెరట్లో ఏం లాభం? కత్తెర ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. క్రేప్ మర్టిల్ అన్న పొదను తీసుకోండి. ముడతల రేకులతో గులాబీ, ఊదా, తెలుపు రంగుల్లో వేసవి నుంచి వానాకాలం దాకా పూస్తుంది. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1759లో దీనికి లాజర్‌స్ట్రోమియా ఇండికా అని పేరు పెట్టాడు. మొదటి మాట అతని స్నేహితుడు మాగ్నస్ లాజర్‌స్ట్రోమ్ పేరు. పేరులో ఇండికా ఉన్నా, పొద పుట్టిల్లు చైనా వైపు. ఇదీ గోరింట కుటుంబానిదే, గుత్తి కూడా గోరింటలాగే కొత్త కొమ్మ కొసన వస్తుంది. పూలు రాలాక గుత్తి మీద చిన్న గుండ్రటి కాయలు మిగులుతాయి. ఆ గుత్తిని తీసేస్తే మళ్లీ పూస్తుంది. చిక్కంతా గుత్తి ఎక్కడ ముగిసి, కొమ్మ ఎక్కడ మొదలైందో గుర్తించడంలోనే ఉంది, ఎందుకంటే గుత్తి అడుగు కొమ్మలు కొన్నిసార్లు మామూలు ఆకుల పంగల నుంచే వస్తాయి. కాబట్టి ఎండిన గుత్తి నుంచి కిందికి దిగుతూ ఒక్కో ఆకు పంగలో చూడండి. పంగలో పూలపుల్ల ఉంటే మీరింకా గుత్తిలోనే ఉన్నారు. పంగలో చిన్న పచ్చి మొగ్గ మాత్రమే ఉంటే గుత్తి దాటారు. ఆ మొగ్గకు కొద్దిగా పైన కోయండి. కొత్త రెమ్మ అక్కడి నుంచే వస్తుంది. ఇంకా పైన కోస్తే ఎండుపుల్లల మోడు మిగులుతుంది.

ఈ వారం పని: ఒక పానికల్‌ను ఎంచుకుని దాని అడుగు కొమ్మల్లో ఒకదానికి దారం కట్టండి. ఆ కొమ్మ చివర మూడేసి మొగ్గలుగా చీలిన చోటు వెతకండి. మూడు రోజులు ఉదయం పూట చూసి, నడిమి మొగ్గ ముందు విచ్చుకుందా, పక్కవా అన్నది రాసుకోండి. బొమ్మ గీసి మొగ్గలకు అంకెలు వేస్తే ఇంకా మేలు. ఆ కాగితం దాచుకోండి, అయిదో పాఠం దానితోనే మొదలవుతుంది.