ఏ ఆటలోనైనా చెయ్యి తిరగాలంటే ఎలా ప్రాక్టీస్ చేయాలి?

ఒకే షాట్‌ని ఒకేలాగ వెయ్యి సార్లు కొడితే అదే వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు, నేనూ చాన్నాళ్ళు అలాగే అనుకున్నా. కానీ 1920ల్లో మాస్కోలో నికొలాయ్ బెర్న్‌స్టీన్ అనే శాస్త్రవేత్త, ఉలి మీద సుత్తితో కొట్టే పనివాళ్ళని ఫిల్మ్ తీసి చూస్తే, చెయ్యి తిరిగిన పనివాడి భుజం, మోచెయ్యి, మణికట్టు ప్రతి దెబ్బకీ కాస్త వేరేగా కదులుతున్నాయి, సుత్తి మాత్రం పడాల్సిన చోటే పడుతోంది. భుజం కొంచెం అటూ ఇటూ అయితే మోచెయ్యి సర్దేస్తోంది అన్నమాట. నైపుణ్యం అంటే ఆ సర్దుకోవడమే. అది ఎలా తెచ్చుకోవాలో బంతి విసరడంతో చూద్దాం, మిగతా ఆటలకీ ఇదే పద్ధతి.

1. గోడ మీద ఛాతీ ఎత్తులో సుద్దముక్కతో అరచేయంత గుండ్రం గీసి, ఐదు అడుగులు వెనక్కి వచ్చి టెన్నిస్ బాల్ విసరండి. మొదట్లో మోచెయ్యి, నడుము అన్నీ బిగుసుకుపోయి మొత్తం చెయ్యి ఒక కర్రలా కదులుతుంది. కంగారు పడొద్దు, అదుపు చేయాల్సిన కీళ్ళు ఎక్కువై శరీరం కొన్నిటిని అలా బిగించి పెట్టుకుంటుంది, కొత్తలో అందరికీ అంతే.

2. బంతి గోడకి చేరడం మొదలయ్యాక కాలిని కలపండి. విసిరే చేతికి అవతలి వైపు కాలు ముందుకేసి, తర్వాత నడుము తిరిగి, ఆ వెనకే భుజం, మోచెయ్యి, ఆఖర్న మణికట్టు. వేగం ఇలా కింద నుంచి పైకి అందుకుంటూ వస్తుంది, అందుకే బాగా విసిరేవాళ్ళని చూస్తే అసలు కష్టపడుతున్నట్టే ఉండదు. భుజం నొప్పి పుడితే మాత్రం ఆ రోజుకి ఆపేయండి.

3. ధ్యాస చేతి మీద కాదు, గుండ్రం మీద పెట్టండి. 1998లో గాబ్రియెల్ వుల్ఫ్ అనే పరిశోధకురాలు, ఇంకో ఇద్దరూ కలిసి స్కీ సిమ్యులేటర్ (మంచు మీద జారుతున్నట్టు అటూ ఇటూ కదిలే యంత్రం) మీద చూసింది ఇదే: పాదాల మీద కాకుండా పాదాల కింద ఉన్న చక్రాల మీద ధ్యాస పెట్టినవాళ్ళు బాగా నేర్చుకున్నారు. తేడా అరచేయంత దూరం కూడా లేదు, అయినా పనిచేసింది! పిల్లలకి నేర్పేటప్పుడు "మోచెయ్యి పైకెత్తు" అని పదేపదే అరవడం కన్నా "ఆ గుండ్రాన్ని కొట్టు" అనడం చాలా మేలు.

4. ఇది అసలైన స్టెప్, దీన్ని వదలొద్దు. దూరం మారుస్తూ ఉండండి, ఒకటి దగ్గర్నుంచి, ఒకటి దూరం నుంచి, ఒకటి నడుస్తూ, ఒకటి బరువు తేడా ఉన్న బంతితో. 1978లో కెర్, బూత్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లలతో చిన్న గింజల సంచులు విసిరించారు, ఒక గుంపుకి 3 అడుగుల నుంచే ప్రాక్టీస్, ఇంకో గుంపుకి 2, 4 అడుగుల నుంచి. చివర్లో 3 అడుగుల నుంచి టెస్ట్ పెడితే, ఆ దూరం ఎప్పుడూ ప్రాక్టీస్ చేయని గుంపే బాగా వేసింది. ఇలా మారుస్తుంటే ప్రాక్టీస్ చూడ్డానికి చెత్తగా ఉంటుంది, గురి తప్పుతూనే ఉంటుంది, చాలామంది అక్కడే విసుగొచ్చి మళ్ళీ పాత పద్ధతికి పోతారు, పోకండి.

5. విసరగానే, బంతి తగిలేలోపు, ఎక్కడ తగులుతుందో మనసులో అనుకోండి. పక్కన ఎవరైనా ప్రతి బంతికీ తప్పులు చెప్తుంటే నాలుగైదు బంతులకోసారి చెప్పమనండి, లేకపోతే వాళ్ళు లేని రోజు మీకేం తెలీదు.

6. రాత్రి బాగా నిద్రపోయి, మర్నాడు వార్మప్ అయ్యాక ఎప్పుడూ నిలబడని దూరం నుంచి పది బంతులు వేసి, ఎన్ని తగిలాయో రాసుకోండి. నిన్న సాయంత్రం ఎన్ని తగిలాయన్నది కాదు, ఈ నంబరే చూడాలి.