పాత కారుకి సర్వీసింగ్ అవసరమా? నా అనుభవం

"బండి నడుస్తోంది కదా, సర్వీసింగ్ దండగ." విజయనగరంలో పాత కార్లున్న వాళ్లలో చాలామంది అనే మాటే ఇది. సగం నిజమే.

మా బావగారి పాత ఆల్టో నా చేతికొచ్చింది. సాలూరు ఘాట్ దిగుతుంటే బ్రేక్ పెడల్ మెత్తగా లోపలికి పోయింది. టెన్షన్ పడుతూనే రెండో గేరులో వేసి, ఇంజిన్ పట్టుతో దింపి పక్కన ఆపాను. చల్లారాక పెడల్ మళ్లీ గట్టిపడింది.

మెకానిక్ మూత తీసి చూస్తే బ్రేక్ ఫ్లూయిడ్ కాఫీ డికాషన్ రంగులో ఉంది. ఏళ్ల తరబడి మార్చలేదట. పెడల్ ఒత్తిడిని చక్రాల బ్రేకులకు చేర్చే ఈ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 అనే రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పట్టాక, ఘాట్ దిగుతూ బ్రేకులు వేడెక్కితే 140 డిగ్రీలకే మరిగిపోవచ్చు. అప్పుడు పైపుల్లో ఆవిరి బుడగలొస్తాయి. పెడల్ తొక్కితే బుడగలు నలుగుతాయి తప్ప బ్రేక్ పట్టదు. పాతదంతా తీయించి, నాలుగు చక్రాల దగ్గరా బ్రేక్ పైపుల్లోని గాలి తీయించి, కొత్తది పోయించాను. బ్రేక్ ప్యాడ్లు బాగానే ఉన్నాయి, ముట్టుకోలేదు.

ఇంజిన్ ఆయిల్, కూలెంట్, రెండేళ్లకోసారి బ్రేక్ ఫ్లూయిడ్: ఇవి తప్పకుండా మార్పిస్తాను. పెయింట్ మెరుపు కోసం వేసే టెఫ్లాన్ కోటింగ్ లాంటివి మాత్రం బిల్లులో కనిపిస్తే కొట్టేయమంటాను.

బావగారేమో, "నేను ఊరు దాటితే కదా!" అంటారు.