ముల్లు దిగితే లోపల జరిగేదేంటి, బయట మనం చేయాల్సిందేంటి

కాల్లో తుమ్మ ముల్లు దిగినా, కూరగాయలు తరుగుతుంటే వేలు తెగినా మన ఇళ్లలో ముందు చేసే పని వంటింట్లోకి పరిగెత్తి కాఫీ పొడో, పసుపో, సున్నమో అద్దడం. దయచేసి అది మానేయండి. ముందు కుళాయి తిప్పి, ధారగా పడే నీళ్ల కింద మామూలు సబ్బుతో ఐదు నిమిషాలు కడగండి. ముల్లు కనిపిస్తుంటే చేతులు కడుక్కుని, స్పిరిట్‌తో తుడిచిన పట్కారుతో అది ఏ వాలులో దిగిందో అదే వాలులో బయటికి లాగండి. ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, గాయంలో చిన్న పుల్లముక్క మిగిలిపోయినా చాలు, మామూలుగా శరీరం సులువుగా చంపేసే కొద్దిపాటి బ్యాక్టీరియా కూడా దాన్ని పట్టుకుని పెరిగి చీము పట్టిస్తుంది. కాఫీ పొడి కూడా ఆ లెక్కలో చెత్తే.

ఇక లోపలి సంగతి. చర్మం కింద మాక్రోఫేజ్ అనే కణాలు ఎప్పుడూ కాపలా ఉంటాయి. వాటి మీద క్రిముల్ని పసిగట్టే టోల్ లైక్ రిసెప్టర్లు ఉంటాయి. ఏ బ్యాక్టీరియా అన్నది వీటికి అక్కర్లేదు, బ్యాక్టీరియా గోడలో ఉండే కొన్ని పదార్థాలు తగిలితే చాలు, అక్కడికక్కడే పని మొదలవుతుంది. కొత్త క్రిమి మీద యాంటీబాడీలు తయారవడానికి దాదాపు వారం పడుతుంది, ఆ వారమంతా మనల్ని నిలబెట్టేది పుట్టుకతో వచ్చిన ఈ రక్షణే. ఈ రిసెప్టర్ల దారిని బయటపెట్టినందుకే బ్యూట్లర్, హాఫ్‌మన్ అనే శాస్త్రవేత్తలకు 2011లో నోబెల్ వచ్చింది.

మాక్రోఫేజ్‌లు సంకేతాలు పంపుతాయి, చర్మంలోనే ఉండే మాస్ట్ కణాలు హిస్టమిన్ అనే రసాయనం వదులుతాయి. దాంతో అక్కడి సన్నని రక్తనాళాలు వెడల్పవుతాయి, అందుకే ఎరుపు, వేడి. నాళాల గోడలు కాస్త వదులై నీరు కణజాలంలోకి ఊరుతుంది, అదే వాపు. ప్రొస్టాగ్లాండిన్‌లనే రసాయనాలు నరాలను సున్నితం చేస్తాయి కాబట్టి రాత్రి పడుకుంటే బొటనవేలు సలుపుతుంది. ఈ నాలుగు లక్షణాలనూ రెండు వేల ఏళ్ల క్రితమే రోమ్‌లో సెల్సస్ అనే రచయిత వైద్యగ్రంథంలో రాసిపెట్టాడు. కొన్ని గంటల్లో రక్తంలోంచి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు నాళాల గోడల సందుల్లోంచి దూరి వస్తాయి, బ్యాక్టీరియాను మింగి, చంపి, అవీ చనిపోతాయి. చీములో ఎక్కువ భాగం చచ్చిన ఈ న్యూట్రోఫిల్సే.

1882లో ఇటలీలో సిసిలీ దీవిలోని మెస్సీనాలో మెచ్నికోవ్ అనే శాస్త్రవేత్త కూడా ముల్లుతోనే ఈ కణాల పనిని కనిపెట్టాడు. పారదర్శకంగా ఉండే స్టార్‌ఫిష్ పిల్లల్లో గులాబీ ముల్లు గుచ్చి, మర్నాడు మైక్రోస్కోపులో చూస్తే దాని చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. 1908లో ఆయనకూ నోబెల్ వచ్చింది. నాకు వైద్యచరిత్ర మొత్తంలో ఇంత తేలికైన, ఇంత అందమైన ప్రయోగం ఇంకోటి కనిపించదు.

అంటే మొదటి రెండు రోజులు గాయం చుట్టూ కాస్త ఎర్రబడి, ఉబ్బి, నొప్పి పెడితే టెన్షన్ పడక్కర్లేదు, పని జరుగుతోందన్నమాట. శుభ్రమైన గుడ్డ కట్టి, కాలు దిండు మీద ఎత్తి పెట్టండి, నొప్పికి పారాసెటమాల్ చాలు. పిండకండి, పిండితే చీము ఇంకా లోపలికి పోతుంది. మెడికల్ షాపులో అడిగితే ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది, ఎరుపు ఇట్టే తగ్గుతుంది కానీ న్యూట్రోఫిల్స్ రావడమూ తగ్గుతుంది, లోపల క్రిమి మాత్రం అలాగే ఉంటుంది. డాక్టరు చెప్పకుండా అది రాయొద్దు. పప్పు తింటే చీము పడుతుందని పెద్దవాళ్లు పత్యం పెడతారు, అది నిజం కాదు. గాయం మానాలంటే కొత్త కణజాలం కట్టాలి, దానికి ప్రోటీన్ కావాలి, కాబట్టి పప్పూ గుడ్డూ శుభ్రంగా తినండి.

ఎరుపు పెరుగుతోందో లేదో కంటి అంచనాతో తెలియదు. బాల్ పెన్నుతో ఎరుపు అంచు చుట్టూ గీత గీసి, పక్కన టైమ్ రాయండి. మర్నాటికి ఎరుపు గీత దాటి పాకితే అది ఇక శరీరం ఒక్కటే తేల్చుకునే వ్యవహారం కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. కాలికి దెబ్బ తగిలితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది కదా, అది లింఫ్ గ్రంథి వాయడం. బిళ్ళ ఒక్కటే ఉంటే కంగారు లేదు, కానీ గాయం నుంచి పైకి ఎర్రటి చార పాకినా, చలితో జ్వరం వచ్చినా, మనిషి మగతగా ఉన్నా ఆ రోజే, రాత్రయినా సరే, ఆసుపత్రికి వెళ్లండి. ఈత ముల్లు మోకాలి దగ్గరో, వేలి కీలు దగ్గరో విరిగి ఉండిపోతే వారాల తర్వాత కూడా కీలు వాస్తుంది, ఎక్స్‌రేలో అది కనపడకపోవచ్చు, అందుకే ముల్లు సంగతి డాక్టరుకు మీరే చెప్పాలి.

ధనుర్వాతం దగ్గర మాత్రం ఈ సైన్యం సరిపోదు. మట్టిలో ఉండే ఆ క్రిమి వదిలే విషాన్ని ఆపగలిగేవి యాంటీబాడీలే, అవి టీకాతోనే వస్తాయి, ఒకసారి జబ్బు వచ్చి తగ్గినవాళ్లకు కూడా రక్షణ రాదు. చిన్నప్పటి టీకాలన్నీ పూర్తయినవాళ్లు ప్రతి గీరుడుకూ ఇంజెక్షన్ వేయించుకోనక్కర్లేదు. గాయం మట్టిదై, చివరి డోసు వేసుకుని ఐదేళ్లు దాటితే వేయించుకోవాలి, శుభ్రమైన చిన్న గాయానికి పదేళ్లు లెక్క.

షుగర్ ఉన్నవాళ్లకు ఇంకో మాట. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే న్యూట్రోఫిల్స్ సరిగ్గా పనిచేయవు, పైగా పాదాల్లో స్పర్శ తగ్గి ముల్లు దిగినట్టే తెలియదు, అంటే హెచ్చరించాల్సిన నొప్పే రాదు. ఇంట్లో అమ్మకో నాన్నకో షుగర్ ఉంటే రాత్రి కాళ్లు కడిగి తుడిచాక అరికాళ్లు, వేళ్ల సందులు మీరే ఒకసారి చూడండి. ఎర్రగా, ముట్టుకుంటే వేడిగా ఉన్న చోటు కనిపిస్తే, వాళ్లు నొప్పి లేదన్నా సరే, మర్నాడు పొద్దున్నే డాక్టరుకు చూపించండి.