కంప్యూటర్‌లో మిడి సంగీతం – 4వ పాఠం: సౌండ్‌ఫాంట్, శ్రుతి, జారు

పోయిన పాఠంలో సరళీ స్వరాల మొదటి వరసను మాయామాళవగౌళలో మిడి ఫైలుగా తయారు చేశాం. మొదటి చానల్‌లో వయొలిన్ మీద స్వరం, రెండో చానల్‌లో తంబురా కోసం పా-సా-సా-సా, పదో చానల్‌లో మృదంగానికి బదులు బాంగో దెబ్బలు. అంతా కలిపి కొన్ని కిలోబైట్లే. శబ్దమన్నది అందులో లేదు కాబట్టే అంత చిన్నది. ఫలానా క్షణంలో 60వ నంబరు నోట్ మొదలుపెట్టు, ఇంత బలంగా, ఫలానా క్షణంలో ఆపు అన్న ఆదేశాలే ఉంటాయి. ఒకరకంగా స్వరలిపి పుస్తకం. పాడే గొంతు బయటి నుంచి రావాలి. ఆ గొంతు పేరే సాఫ్ట్‌వేర్ సింథసైజర్. అదే ఫైలు మీ కంప్యూటర్‌లో ఒకలాగా, పక్కింటివాళ్ల కంప్యూటర్‌లో ఇంకోలాగా మోగడానికి కారణం కూడా అదే.

విండోస్‌లో ఏమీ చేయకుండా ఫైలు తెరిస్తే మోగేది మైక్రోసాఫ్ట్ జీఎస్ వేవ్‌టేబుల్ సింథ్. రోలాండ్ దగ్గర లైసెన్సు తీసుకున్న శబ్దాలు. 128 వాద్యాలూ, డ్రమ్ములూ కలిపి మూడున్నర ఎంబీ లోపే. అంత ఇరుకులో వయొలిన్ వయొలిన్‌లా ఉండాలంటే కష్టమే. పైగా సంగీతపు కీబోర్డు తగిలించి వాయిస్తే మీట నొక్కాక స్వరం వినపడేసరికి స్పష్టంగా తెలిసేంత ఆలస్యం. ఫైలు సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి తప్ప దీన్ని నమ్ముకోవద్దు.

ఏ సౌండ్‌ఫాంట్?

అసలు వాద్యాలను రికార్డు చేసిన ముక్కలూ, ఏ ముక్క ఏ మీటకు పలకాలన్న లెక్కలూ కలిపి కట్టిన ఫైలు సౌండ్‌ఫాంట్. క్రియేటివ్, ఈ-మ్యూ కంపెనీలు 1994లో సౌండ్ బ్లాస్టర్ ఏడబ్ల్యూఈ32 కార్డుతో తెచ్చిన పద్ధతి ఇది. ఆ కార్డుల కాలం ఎప్పుడో అయిపోయింది. ఎస్‌ఎఫ్2 అన్న పేరుతో వచ్చే సౌండ్‌ఫాంట్ ఫైళ్లు మాత్రం ఇంకా రాజ్యమేలుతున్నాయి.

ఉచితంగా దొరికేవాటిలో రెండు చాలు. జనరల్‌యూజర్ జీఎస్ సుమారు 30 ఎంబీ. ఫ్లూయిడ్ ఆర్3 జీఎం సుమారు 140 ఎంబీ. ముందు జనరల్‌యూజర్‌తోనే మొదలుపెట్టమని మా సలహా. వాద్యాల మధ్య హెచ్చుతగ్గులు అందులో బాగా సరిచూసి ఉంటాయి, ఒక వాద్యం ఇంకోదాన్ని మింగేయదు. జీబీ సైజు ఫాంట్‌ల వెంట పడకండి. వాటిలో చాలావరకు బరువంతా పియానోదే, మనకు కావలసిన వయొలిన్, షెహనాయ్ అక్కడా సాదాసీదాగానే ఉంటాయి. సింథ్ మామూలుగా ఫాంట్‌ను మొత్తంగా ర్యామ్‌లోకి ఎక్కిస్తుంది కాబట్టి 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో ఆ బరువు తెలుస్తుంది.

ఏ నంబరుకు ఏ వాద్యం పలకాలో చెప్పే ప్రామాణిక జాబితా జనరల్ మిడి. వీణ, తంబురా, మృదంగం అందులో లేవు. దగ్గరి చుట్టాలు ఇవి: వయొలిన్ 41, వేణువు 74, సితార్ 105, నాదస్వరానికి షెహనాయ్ 112. కొన్ని సాఫ్ట్‌వేర్లు 1 నుంచి, కొన్ని 0 నుంచి లెక్కపెడతాయి. సితార్ అడిగితే బాంజో పలికిందంటే ఆ ఒక్క అంకె తేడాయే.

ఎక్కించడం

విండోస్‌లో వర్చువల్‌మిడిసింథ్ అన్న ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి. దాని కాన్ఫిగరేటర్‌లో సౌండ్‌ఫాంట్స్ ట్యాబ్‌కు వెళ్లి, ప్లస్ గుర్తు నొక్కి, ఎస్‌ఎఫ్2 ఫైలు చూపించి అప్లై కొట్టండి. ఇక్కడితో పని అయిపోయిందనుకుని చాలామంది ఆగిపోతారు. పాత శబ్దమే వస్తుంది. మిడి మ్యాపర్ ట్యాబ్‌లో కూడా వర్చువల్‌మిడిసింథ్‌నే ఎంచుకుని అప్లై చేయాలి. ఆ తర్వాత ప్లేయర్‌ను మూసి మళ్లీ తెరవాలి, ఎందుకంటే చాలా ప్లేయర్లు పరికరాన్ని తెరిచేటప్పుడే పట్టుకుంటాయి. సీక్వెన్సర్‌లోనైతే (మిడి ఫైలును రాసే, దిద్దే సాఫ్ట్‌వేర్) మ్యాపర్‌తో పనిలేకుండా అవుట్‌పుట్ పోర్టుగా దాని పేరే నేరుగా ఎంచుకోండి.

లినక్స్‌లో ఉబుంటు, డెబియన్ వాడేవాళ్లు క్యూసింథ్, ఫ్లూయిడ్ సౌండ్‌ఫాంట్ జీఎం ప్యాకేజీలు వేసుకోండి. సౌండ్‌ఫాంట్‌లను పలికించే సింథ్ ఫ్లూయిడ్‌సింథ్, దానికి మీటలూ కిటికీలూ తగిలించిన రూపం క్యూసింథ్. సెటప్‌లో సౌండ్‌ఫాంట్స్ ట్యాబ్‌లో ఫాంట్ తెరిచాక ఆడియో ట్యాబ్ చూడండి. డ్రైవర్ దగ్గర జాక్ అని ఉండి, మీ దగ్గర జాక్ సర్వర్ నడవకపోతే సింథ్ అసలు లేవదు. పల్స్‌ఆడియో గానీ ఆల్సా గానీ పెట్టండి. మ్యాక్ వాళ్లు ప్రస్తుతానికి ఫైలును గ్యారేజ్‌బ్యాండ్‌లోకి లాగి వినండి.

గెయిన్, అంటే సింథ్ శబ్దం ఎంత గట్టిగా ఉండాలన్న విషయంలో ఒక మాట. ఫ్లూయిడ్‌సింథ్ సొంతంగా 0.2తో మొదలవుతుంది, అది చాలామందికి సన్నగా అనిపిస్తుంది. 0.5 దాకా పెంచితే మన మూడు చానల్‌ల ఫైలుకు సరిపోతుంది. 1 దాటించారంటే నాలుగైదు వాద్యాలు ఒక్కసారి మోగిన చోట శబ్దం పగులుతుంది. ఇంకా గట్టిగా కావాలంటే స్పీకర్ దగ్గర పెంచండి.

మొదటిసారి మోగించినప్పుడు వచ్చే చిక్కులు

అన్నీ పియానోలోనే పలుకుతున్నాయా? ఫైలు మొదట్లో ఉండే ప్రోగ్రామ్ చేంజ్, అంటే ఏ వాద్యం పలకాలో చెప్పే ఆదేశం, సింథ్‌కు అందలేదు. పాటను మధ్యలోంచి మొదలుపెడితే కొన్ని ప్లేయర్లు ఆ ఆదేశాన్ని దాటేసి పోతాయి. మొదటి నుంచి మోగించి చూడండి. అప్పుడూ పియానోయే అయితే ఫైలులోనే ఆ ఆదేశం లేదు.

బాంగో చోట పియానో పలికితే చానల్ తప్పింది. డ్రమ్ములకు పదో చానల్. 0 నుంచి లెక్కపెట్టే చోట అది 9 అవుతుంది. ఫ్లూయిడ్‌సింథ్ సందేశాల్లో కనిపించేది 9.

ఒక స్వరం ఆగకుండా మోగుతూనే ఉంటే ఆపమన్న ఆదేశం దారిలో పోయింది. క్యూసింథ్‌లో ప్యానిక్ మీట ఉంది. లేనిచోట 123వ కంట్రోలర్‌ను (నంబరుతో పిలిచే మిడి ఆదేశం) 0తో పంపండి. కీబోర్డు నుంచి వాయిస్తున్నప్పుడు ఇది పదేపదే జరిగితే అనుమానించాల్సింది యూఎస్‌బీ–మిడి కేబుల్‌ని. చెన్నై రిచీ స్ట్రీట్‌లో చౌకగా దొరికే కేబుళ్లలో కొన్ని వేగంగా వచ్చే ఆదేశాలను వదిలేస్తాయి, పొడవాటి సందేశాలనైతే ముక్కలు చేస్తాయి. కొనేముందు దుకాణంలోనే పది వేళ్లూ ఒక్కసారి మీటల మీద వేసి తీసి చూడండి. కీబోర్డుకే యూఎస్‌బీ పోర్టు ఉంటే ఆ కేబుల్ కొననే అక్కర్లేదు.

బఫర్

ఫైలు వినడం వేరు, కీబోర్డు వాయించడం వేరు. రెండింటికీ ఒకే సెట్టింగ్ పెట్టుకుని తిప్పలు పడేవాళ్లే ఎక్కువ. బఫర్ అంటే మోగించబోయే శబ్దాన్ని ముందుగా నింపి ఉంచుకునే చిన్న నిల్వ. ఆలస్యం లెక్క సులువు: బఫర్ సైజును బఫర్‌ల సంఖ్యతో గుణించి, శాంపిల్ రేటుతో (సెకనుకు ఎన్ని శబ్దపు నమూనాలన్నది) భాగించండి. ఫ్లూయిడ్‌సింథ్ విండోస్‌లో మామూలుగా 512 చొప్పున 8 బఫర్లు పెట్టుకుంటుంది. అంటే 4096 శాంపిళ్లు. 44,100తో భాగిస్తే 93 మిల్లీసెకన్లు. ఫైలు వినడానికి ఇది ఏమాత్రం అడ్డు కాదు, పైగా చిటపటలు రాకుండా కాపాడుతుంది. అదే సెట్టింగ్‌తో వాయిస్తే రెండో కాలానికే వేళ్లు తడబడతాయి. లినక్స్‌లో 64 చొప్పున 16, అంటే 23 మిల్లీసెకన్లు. వాయించడానికి 48,000 రేటు మీద 128 చొప్పున 3 పెట్టి చూడండి, 8 మిల్లీసెకన్లకు వస్తుంది. చిటపటలు వినిపిస్తే సైజు మార్చకుండా ముందు సంఖ్యను 4 చేయండి. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఉంటే పవర్ సేవింగ్ ప్రాసెసర్‌ను నెమ్మదింపజేసి అవే చిటపటలు తెస్తుంది. ప్లగ్ పెట్టి మళ్లీ వినండి. ఇన్ని చేసి బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టుకుంటే చేసిందంతా వృథా, ఆ లింకులోనే మామూలుగా 100 మిల్లీసెకన్లు పైన పోతుంది. వైరు హెడ్‌ఫోనే వాడండి.

శ్రుతి మార్చడం

మన ఫైలులో షడ్జమం 60, అంటే ఒకటి శ్రుతి. చెన్నైలో పాట నేర్పేవారు "ఐదు కట్టై" (ఐదు శ్రుతి) అంటే కీబోర్డు మీద జి. మగవాళ్ల ఒకటి నుంచి ఆడవాళ్ల ఐదుకు రావడానికి ఫైలును 5 అర్ధస్వరాలు కిందికి దించాలి, షడ్జమం 55 అవుతుంది. ఐదున్నరకైతే 4 దించితే చాలు.

దించేటప్పుడు పదో చానల్‌ను ముట్టుకోకూడదు. అక్కడ నోట్ నంబరంటే స్థాయి కాదు, వాద్యం పేరు. మన ఫైలులో హై బాంగో 60, లో బాంగో 61. మొత్తం ఎంచుకుని 5 దించేస్తే 60 కాస్తా 55 అయి స్ప్లాష్ సింబల్ ఝల్లుమంటుంది, 61 కాస్తా 56 అయి కౌబెల్ టంగుమంటుంది. ఆదితాళం గుడి గంటలతో నడుస్తుంది. అందుకే మొదటి రెండు చానళ్లను మాత్రమే ఎంచుకుని ట్రాన్స్‌పోజ్ చేయండి.

జారు

గమకం పలకకపోతే మన సంగీతానికి ఈ సరంజామా అంతా దండగ. మిడిలో దానికున్న సాధనం పిచ్ బెండ్, అంటే మోగుతున్న స్వరం స్థాయిని పైకీ కిందికీ వంచే ఆదేశం. విలువలు 0 నుంచి 16,383 దాకా, మధ్యస్థానం 8192. కొన్ని సీక్వెన్సర్లు ఆ మధ్యస్థానాన్నే 0గా చూపించి అటూ ఇటూ కూడికలు, తీసివేతలుగా రాస్తాయి. ఇక్కడ ఆ పద్ధతే వాడుతున్నాం. మీది 0 నుంచి 16,383 దాకా చూపించే రకమైతే ప్రతి విలువకూ 8192 కలపండి.

మామూలుగా బెండ్ హద్దు అటు రెండు, ఇటు రెండు అర్ధస్వరాలు. సా నుంచి పా దాకా జారడానికి ఏడు కావాలి. అందుకని మొదటి చానల్‌లో, స్వరాలకు ముందు, ఈ వరసలో కంట్రోలర్లు పెట్టండి: 101కి 0, 100కి 0, 6కి 12, 38కి 0. చివర 101కి 127, 100కి 127. ఈ చివరి రెండూ తలుపు మూయడానికి. వదిలేస్తే తర్వాత ఎక్కడైనా 6వ కంట్రోలర్ వచ్చినప్పుడు హద్దు మళ్లీ మారిపోతుంది. ఇప్పుడు హద్దు 12 అర్ధస్వరాలు, ఒక్కో అర్ధస్వరానికి సుమారు 683. పా దాకా 4779.

సూటిగా చేస్తే ఇలా: సా నోట్ మొదలుపెట్టి, 300 మిల్లీసెకన్లలో బెండ్‌ను 0 నుంచి 4779కి తీసుకెళ్లాలి. పది మిల్లీసెకన్లకొక విలువ పెట్టండి, అంతకంటే పలచగా పెడితే జారు మెట్లుమెట్లుగా వినిపిస్తుంది. సమానంగా ఎక్కిస్తే సైరన్‌లా ఉంటుంది. 100వ మిల్లీసెకను దగ్గర 600, 200 దగ్గర 4100, 300 దగ్గర 4779 ఉండేలా వంపు గీయండి. మొదట కదలీ కదలనట్టు, మధ్యలో చురుగ్గా, చివర మెల్లగా కుదురుకోవాలి.

విని చూడండి. జారు బాగానే ఉంటుంది, పా మీద నిలిచాక మాత్రం వయొలిన్ కీచుగా, వణుకుతున్నట్టు వినిపిస్తుంది. రికార్డు చేసిన ముక్కను వేగంగా తిప్పడం వల్లే స్థాయి పెరుగుతుంది కదా, ఏడు అర్ధస్వరాలంటే ఒకటిన్నర రెట్లు వేగం. ఆ ముక్కలో సెకనుకు ఐదు ఊపులున్న వైబ్రాటో ఉంటే అదీ ఏడున్నర అవుతుంది. దీనికి విరుగుడు తలకిందులుగా చేయడమే. పా నోట్‌నే పలికించండి. దానికి ముందుగా బెండ్‌ను −4779కి పెట్టి, అక్కడి నుంచి అదే వంపులో 0కి తీసుకురండి. మొదలయ్యేది సా మీదే, నిలిచేది పా సహజ స్వరం మీద. ఎక్కువసేపు నిలిచే స్వరం ఎప్పుడూ బెండ్ 0 దగ్గర ఉండాలి.

బెండ్ ఒక్క స్వరానికి కాదు, చానల్ మొత్తానికి వర్తిస్తుంది. తంబురాను రెండో చానల్‌లో విడిగా పెట్టించింది ఇందుకే. ఒకే చానల్‌లో ఉంటే స్వరంతోపాటు శ్రుతి కూడా జారిపోతుంది. బెండ్ సున్నా దాటి ముగిసే గమకాల్లో నోట్ ఆగిన వెంటనే 0కి తెచ్చేస్తే తోకలా మిగిలిన శబ్దం జర్రున దిగుతుంది. తర్వాతి నోట్‌కు సరిగ్గా ముందు తెండి.

అంతర గాంధారం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. కీబోర్డు గాంధారం తంబురాలో స్వయంగా వినిపించే గాంధారం కంటే దాదాపు 14 సెంట్లు ఎక్కువ (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు). ఎక్కువసేపు నిలిపితే ఆ రాపిడి చెవికి తెలుస్తుంది. హద్దు 12 ఉన్నప్పుడు ఆ గాంధారానికి −93 బెండ్ ఇస్తే సరిపోతుంది. పంచమం తేడా రెండు సెంట్లే, వదిలేయండి.

ఫైలు మొట్టమొదట జనరల్ మిడి రీసెట్ సందేశం పెట్టండి: ఎఫ్0 7ఈ 7ఎఫ్ 09 01 ఎఫ్7. ఇది లేకపోతే ముందు మోగించిన ఫైలు పెట్టిపోయిన 12 హద్దే మిగిలి, రెండు అర్ధస్వరాల లెక్కతో రాసిన తర్వాతి ఫైలులో చిన్న గమకం కూడా ఆరింతలై అపస్వరం పలుకుతుంది.

అభ్యాసం

సరళీ వరస చివర సా-పా జారును రెండు విధాలా చేసి, ఒకదాని పక్కన ఒకటి వినండి. తర్వాత షెహనాయ్‌కు మార్చి అదే పని చేయండి. ఆ పైన ఫైలును ఐదు శ్రుతికి దించి, జారు విలువలు మార్చాలో అక్కర్లేదో మీరే తేల్చండి. వచ్చే పాఠంలో శుద్ధ మధ్యమానికి కంపితం, అంటే స్వరాన్ని ఊపే గమకం. రెండు సెకన్ల నోట్ ఒకటి, దాని మీద సుమారు రెండు వందల బెండ్ విలువలు. చేత్తో ఒక్కొక్కటీ కొట్టకుండా సీక్వెన్సర్‌లో వంపు గీసి వాటిని ఎలా పుట్టించాలో చూద్దాం.