గేదెను ఎండగట్టాక పొదుగులో తేడాలు: సమస్య - పరిష్కారం

ఈతకు రెండు నెలల ముందు పాలు పితకడం ఆపగానే (ఎండగట్టడం అంటే ఇదే) పొదుగు కొన్నాళ్లు భయపెడుతుంది. మామూలు మార్పూ, జబ్బూ పైకి ఒకేలా కనబడతాయి. చిక్కంతా అక్కడే.

మూడో రోజుకే పొదుగు రాయిలా బిగిసింది

ఇది మామూలే. పితకడం ఆపినా పాలు తయారవడం వెంటనే ఆగదు. నిండిన పాల ఒత్తిడితోనే పాలు చేసే కణాలు పని మానుకుంటాయి. వాటిలో కొన్ని చనిపోతాయి, వాటి చెత్తను తెల్లరక్త కణాలు ఎత్తేస్తాయి, మిగిలిన పాలు మెల్లగా ఒంట్లోకి ఇంకిపోతాయి. పొదుగులో లాక్టోఫెర్రిన్ అనే ప్రొటీన్ పెరిగి, ఇనుమును సూక్ష్మజీవులకు అందనివ్వదు. వారం పది రోజుల్లో పొదుగు వదులవుతుంది.

ముట్టుకోకపోవడమే మందు. జాలిపడి ఒక్కపూట పితికారో, ఒత్తిడి తగ్గి పాలు మళ్లీ ఊరతాయి, లెక్క మొదటికొస్తుంది. దూడనూ దగ్గరకు రానివ్వకండి. రోజుకు ఐదు లీటర్లకు మించి ఇచ్చే గేదెకైతే ఆపడానికి వారం ముందే దాణా, పచ్చమేత తగ్గించి, వరిగడ్డి పెంచి, ఒంటిపూట పితకాలి. నీళ్లు మాత్రం తగ్గించొద్దు.

చన్నుల నుంచి పాలు కారుతున్నాయి

చన్ను రంధ్రాన్ని మూసే కెరాటిన్ (గోళ్లలో ఉండే ప్రొటీన్) బిరడా ఇంకా ఏర్పడలేదు. తెరిచిన దారిలో పేడ, మట్టి ఉంటే పొదుగువాపుకు పిలుపే. పొడి నేల మీద కట్టి, రోజుకు రెండుసార్లు చన్నులను అయోడిన్ ద్రావణంలో ముంచండి.

ఒక చన్ను వైపే వేడి, నొప్పి, జ్వరం

నాలుగు వైపులా సమంగా బిగిస్తే మామూలు, ఒకవైపే అయితే పొదుగువాపు. జ్వరం 103 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా, మేత మానేసినా అదే రోజు పశువైద్యుణ్ణి పిలవాలి. ఇక్కడ 'ముట్టుకోవద్దు' అన్న మాట చెల్లదు, ఆ వైపు పాలు పిండేయాల్సిందే.

ఇది డ్రై కౌ ట్యూబ్ (ఎండగట్టేటప్పుడు చన్నులోకి ఎక్కించే మందు గొట్టం) ఎక్కించేటప్పుడు కూడా అంటుకోవచ్చు. చివరిసారి పూర్తిగా పితికి, చన్ను కొనలను 70 శాతం స్పిరిట్ దూదితో తుడవాలి: తుడిచేది అవతలి చన్నులు ముందు, మందు ఎక్కించేది ఇవతలివి ముందు. తారుమారైతే తుడిచిన చన్నుకు చెయ్యి తగులుతుంది. ట్యూబ్ ముక్కు మూడు నాలుగు మిల్లీమీటర్లు దూరిస్తే చాలు. మొత్తం గుచ్చితే లోపలి కెరాటిన్ పొర గీరుకుపోతుంది. చన్నుకో ట్యూబ్, ఒక్కటే నాలుగు చన్నులకు పంచడం కాదు. ఈనాక ఎన్నాళ్లు పాలు వాడకూడదో ట్యూబ్ మీదే ఉంటుంది, చదవండి.

ఈనినా పాలు తగ్గాయి

పితకని వట్టి రోజులు చాలకపోతే అరిగిన కణాల స్థానంలో కొత్తవి పూర్తిగా రావు. అసలు ఎండగట్టని ఆవుల్లో వచ్చే ఈత పాలల్లో నాలుగో వంతు దాకా కోత పడుతుంది. ఈనాక దీనికి మందు లేదు. చూడి కట్టించిన తేదీ గోడ మీదైనా రాసిపెట్టుకోండి: ఆ తేదీ నుంచి గేదెకు దాదాపు 250వ రోజున, ఆవుకు 220వ రోజున పితకడం ఆపాలి.